తాత నుంచి మనవడికి అందేది "సమాచారం" అంటే సరిపోతుందా?

ముందు ప్రశ్నేమిటో క్లుప్తంగా చెబుతా, కొత్తగా చదివేవాళ్ళకు అర్థం కావాలి గదా. అనంతపురంలో పీజీ చేస్తున్న ఒక అమ్మాయి అడిగింది. తోలుబొమ్మలాట మీద ప్రాజెక్టు చేస్తోంది. "సంస్కృతి అంటే ఒకరి నుంచి ఇంకొకరు నేర్చుకునే సమాచారం" అనే నిర్వచనంతో మొదలుపెట్టమని గైడు చెప్పారట. ఆ సమాచారం కంప్యూటర్లో ఉండేలాంటిదా, జన్యువుల్లో ఉందంటారే అలాంటిదా, లేక మనం మామూలుగా అనుకునే కబురా అని ఆమె అనుమానం. ఒక తల నుంచి ఇంకో తలలోకి అది కాపీ అవుతుందా అని కూడా అడిగింది. ఇక చివరి ప్రశ్న: పెద్దవాళ్ళ పాటలన్నీ ఫోన్లో రికార్డు చేసి పెట్టుకుంటే ఆట బతికినట్టేనా?

నేను చాలా ఏళ్ళు ఇంజనీరింగ్ పిల్లలకు కమ్యూనికేషన్స్ చెప్పాను. రిటైరయ్యాక శాసనాలు, తాళపత్రాలు, పల్లె కళాకారులు అంటూ తిరుగుతున్నా. కాబట్టి ఈ ప్రశ్నకు రెండు వైపుల నుంచీ జవాబు చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: మీ గైడు చెప్పిన నిర్వచనం తప్పు కాదు, 2005లో రిచర్సన్, బాయ్డ్ అనే ఇద్దరు ఇచ్చిన నిర్వచనం దాదాపు అదే. కానీ ఆ ఒక్క పేరు కింద నాలుగు వేరే వేరే సంగతులు తిరుగుతుంటాయి, ఒకదాని విషయంలో నిజమైనదాన్ని ఇంకోదానికి అంటగట్టేసి జనం ముందుకు వెళ్ళిపోతారు. తల నుంచి తలకు ఉన్నదున్నట్టు దిగేది చాలా తక్కువ. నేర్చుకునేవాడు తన దగ్గరున్న సరంజామాతో మళ్ళీ కట్టుకునేదే ఎక్కువ.

మొదట షానన్ సంగతి, ఎందుకంటే అందరూ తలచుకునేది, ఎక్కువమంది తప్పుగా వాడేది అదే. 1948లో బెల్ ల్యాబ్స్‌లో క్లాడ్ షానన్ ఒక పెద్ద వ్యాసం రాశాడు, తీగ మీద కబురు ఎంత పంపొచ్చు, తప్పుల్లేకుండా ఎలా పంపొచ్చు అనే లెక్క అది. కబుర్లకు అర్థం ఉంటుంది నిజమే గానీ ఇంజనీరుకు దానితో పని లేదని మొదట్లోనే తేల్చి పక్కన పెట్టేశాడు. రాగల కబుర్లు ఎన్ని, అందులో ఏది వచ్చిందో తెలిశాక మన అనుమానం ఎంత తగ్గింది, ఇంతే ఆయన లెక్క. బొమ్మా బొరుసా అన్నది తేలితే ఒక బిట్. మే నెలలో అనంతపురం నుంచి ఎవరో ఫోన్ చేసి "ఈరోజు ఎండ బాగా ఉందబ్బా" అంటే దాదాపు సున్నా, అది మనకు ముందే తెలుసు కాబట్టి. అదే మేలో "వడగళ్ళు పడ్డాయి" అంటే బిట్లు ఎక్కువ. విన్నవాడికి అది ముఖ్యమా కాదా, నిజమా అబద్ధమా అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు.

ధర్మవరంలో జకార్డు మగ్గం దగ్గర కాసేపు నిలబడితే దీన్ని కళ్ళతో చూడొచ్చు. మగ్గం పైన ఒకదానికొకటి కుట్టిన అట్టలు తిరుగుతుంటాయి. అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును ఎత్తుతుంది, లేనిచోట ఎత్తదు. 240 కొక్కేల జకార్డు అనుకుంటే ఒక్కో అట్టలో 240 అవును–కాదులు. వెయ్యి అట్టల డిజైన్ అయితే 2,40,000 బిట్లు, అంటే 30,000 బైట్లు, మీరు వాట్సాప్‌లో పంపే ఫోటో కన్నా చిన్నది. నిజానికి అంత కూడా ఉండదు, అదే హంస, అదే మామిడిపిందె మళ్ళీ మళ్ళీ వస్తుంది గనక ఇంకా కుదించొచ్చు. ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన 1804 ప్రాంతంలో తయారుచేసిన పద్ధతి ఇది, తొలినాళ్ళ కంప్యూటర్లలో వాడిన పంచ్ కార్డులకు మూలం కూడా ఇదే.

ఆ అట్టల దండను మూటగట్టి ఇంకో ఊరికి పంపితే, మగ్గం అమరిక ఒకటే అయితే, అదే అంచు, అదే బుటా అక్కడా దిగుతుంది. ఇక్కడ మాత్రం "సమాచారం కాపీ అయింది" అనడం అక్షరాలా నిజం, ఒక చిల్లు తప్పితే ఆ తప్పు కూడా చీర పొడుగునా వరసగా కాపీ అవుతుంది. సరే, మరి ఆ మూటలో నేతపని ఎంత ఉంది? పోగు తెగితే కొస ఎలా కలపాలి, పడుగు ఎంత బిగువుగా ఉండాలి, వాన పట్టుకుని మగ్గం గుంటలో చెమ్మ చేరితే పట్టు ఎలా మారుతుంది, అంచు వంకర పోకుండా పేకను ఎంతవరకు లాగాలి, ఇవేవీ అట్టల్లో లేవు. అందుకున్నవాడి చేతుల్లో అవి ముందే ఉండాలి. షానన్ లెక్కలోనూ ఈ షరతు ఉంది, చాలామంది చదివి మర్చిపోతారు: పంపేవాడికీ అందుకునేవాడికీ రాగల కబుర్ల పట్టిక ముందే ఉమ్మడిగా ఉండాలి. ఆ పట్టిక ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆ సిద్ధాంతం అడగదు, అడగనక్కర్లేదు కూడా. మీరు అడగాల్సింది మాత్రం సరిగ్గా అదే.

ఇంతమాత్రాన షానన్ మనకు పనికిరాడని అనుకోవద్దు. ఆయన చెప్పినదాంట్లో నోటి సాహిత్యానికి బ్రహ్మాండంగా పనికొచ్చేది ఒకటుంది, దాన్ని మన జానపద విభాగాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు, అది నాకు కొంచెం బాధ. కబురుతో పాటు కొంత అదనం పంపితే దారిలో పడ్డ తప్పును అవతలివాడు పట్టుకోగలడు, ఒక్కోసారి దిద్దుకోగలడు కూడా. మామూలు ఇంగ్లీషు రాతలో సగం దాకా ఇలాంటి అదనమేనని ఆయన అంచనా. మన దగ్గర ఈ పని ఛందస్సు చేస్తుంది. వేమన ఆటవెలదినే తీసుకోండి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే, ఆ పైన నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో పొసగాలి, అది యతి, లేకపోతే ఆ రెంటి పక్క అక్షరాలు కలవాలి, అది ప్రాసయతి. "చూడ చూడ రుచుల జాడ వేరు" అనే పాదంలో ఎవరికైనా "జాడ" గుర్తు రాక "తీరు" అన్నారనుకోండి. అర్థం పెద్దగా చెడలేదు. గణం కూడా చెడలేదు, జాడ, తీరు రెండూ ఒక గురువు, ఒక లఘువు. కానీ "చూడ–జాడ" అనే ప్రాసయతి పోయింది, పద్యం నోటికి వచ్చిన ముసలాయన పక్కనుంటే "ఏందబ్బా, యాడో తప్పింది" అంటాడు. తప్పేమిటో ఆయన వివరించలేకపోవచ్చు, చెవికి మాత్రం తెలిసిపోతుంది. చదువు రాని మనుషుల నోళ్ళలో ఈ పద్యాలు ఇన్ని వందల ఏళ్ళు నిలబడటానికి ఈ అదనం ఒక గట్టి కారణం.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. మకుటం పద్యాన్ని కాపాడింది గానీ కవిని కాపాడలేదు, చివర "విశ్వదాభిరామ వినుర వేమ" తగిలిస్తే ఎవడు కట్టిన పద్యమైనా వేమన పద్యంగా చెలామణి అయిపోయింది. సీపీ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, తర్వాత రాతప్రతులు పోగేసి, పండితులను కూర్చోబెట్టి పోల్చి చూపించి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆయనకు ఎదురైన తలనొప్పి ఇదే, ప్రతికీ ప్రతికీ పద్యాల సంఖ్య కలవదు, వరస కలవదు. ఒక్కో పద్యం లోపల మాటలు బిగువుగా ఉన్నాయి, ఏ పద్యం ఎవరిదన్నది మాత్రం వదులుగా ఉంది. కాబట్టి "వేమన పద్యాలు నమ్మకంగా అందాయా?" అని అడిగితే ఒక్క జవాబు లేదు, ఏ సంగతి గురించి అడుగుతున్నారో ముందు చెప్పాలి.

రెండోది, ప్రకృతిలో ఉండే గుర్తు. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టు. ఎవరూ చెప్పాలని చెప్పరు, అది ఉంటే ఇది ఉంటుంది, అంతే. 1957లో గ్రైస్ అనే తత్త్వవేత్త దీన్నీ, మనుషులు ఒకరికొకరు చెప్పుకునేదాన్నీ విడదీశాడు, 1981లో డ్రెట్‌స్కీ అనే ఇంకో తత్త్వవేత్త దాని మీద ఒక పూర్తి సిద్ధాంతమే కట్టాడు. ఆయన లెక్కలో అబద్ధపు సమాచారం అనేది ఉండదు. అబద్ధమైతే అది సమాచారమే కాదు.

ఇది మన రైతులకు కొత్తేమీ కాదు. కార్తెల సామెతలన్నీ ఇలాంటి గుర్తులను మాటల్లో కట్టినవే. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అంటారు, జూన్ నాలుగో వారంలో వచ్చే కార్తె అది. ఈ సామెత తెలుగుదేశమంతటా ఉంది. కానీ గుర్తుకూ ఫలితానికీ ఉండే ముడి ఊరూరికీ ఒకటి కాదు. పడమటి కనుమల వాననీడలో ఉన్న అనంతపురానికి ఏడాది మొత్తం మీద వచ్చేదే 550 మిల్లీమీటర్ల వాన, అందులో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. ఆరుద్రలో ఒక పదును వాన పడిందని వేరుశనగ విత్తేసి, ఆ తర్వాత నెలరోజులు చినుకు లేక ఊడలు దిగే వేళకు నేల గట్టిపడి నష్టపోయిన రైతులు ఇక్కడ ఊరికి కొంతమంది దొరుకుతారు. సామెత అక్షరం పొల్లుపోకుండా అందింది, షానన్ మెచ్చుకునేంత శుభ్రంగా. కానీ అందులో ఉందనుకున్న సంబంధం ఎర్రనేలల దాకా రాలేదు. తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి పడగానే జనం పొలాల్లో వజ్రాలు వెతకడానికి దిగుతారే, అక్కడ మాత్రం ముడి సరిగ్గా నేలలోనే ఉంది, వాన పైమట్టిని కడిగేస్తే రాయి బయటపడుతుంది. ఎవరికి దొరుకుతుందనేది వేరే కథ, అది అడక్కండి!

ఇక్కడే మీ నిర్వచనానికి ఒక చిక్కు వస్తుంది, వైవాలో అడిగే అవకాశం ఉంది కాబట్టి జాగ్రత్త. గ్రహణం పూట కడుపుతో ఉన్న మనిషి కదిలితే బిడ్డకు మొర్రి వస్తుందని మన ఇళ్ళలో తరతరాలుగా నమ్ముతారు. అది నిజం కాదు. డ్రెట్‌స్కీ లెక్కన అది సమాచారమే కాదు. మరి సంస్కృతిలో భాగం కాదా? ఎందుకు కాదు, బ్రహ్మాండంగా భాగమే, బాగా చదువుకున్న ఇళ్ళలో కూడా ఆ రోజు తలుపులు వేసి కూర్చోబెడతారు. అంటే "సంస్కృతి అంటే సమాచారం" అన్నప్పుడు మనం వాడుతున్నది ఈ రెండో అర్థం కాలేదు. మొదటిది కూడా కాదు, ఎందుకంటే ఆ నమ్మకంలో ఎన్ని బిట్లు ఉన్నాయని ఎవరికీ పట్టింపు లేదు. మిగిలింది మూడోది, ఏదో ఒకదాని గురించి చెప్పేది, నిజమైనా కావచ్చు, అబద్ధమైనా కావచ్చు, మనిషి ప్రవర్తనను మార్చేది. రిచర్సన్, బాయ్డ్ ఉద్దేశం దీనికి దగ్గరగా ఉంటుంది, కాకపోతే వాళ్ళు తలలో ఉన్నది ఏ రూపంలో ఉందని పెద్దగా తవ్వరు. జనాభాలో ఒక అలవాటు ఎంతమందికి పాకింది, తల్లిదండ్రుల నుంచా, ఈడువాళ్ళ నుంచా, ఊరి పెద్దల నుంచా అనే లెక్కలు వేయాలంటే తవ్వాల్సిన పని కూడా లేదు. కవల్లి–స్ఫోర్జా, ఫెల్డ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1981 పుస్తకంలో వేసిన లెక్కలు ఇలాంటివే, అవి చక్కగా పనిచేస్తాయి.

కానీ మీలాగా ఒక కళను దగ్గర నుంచి చూసేవాళ్ళకు తవ్వక తప్పదు. అర్థం అనేది వస్తువులో కూర్చుని ఉండదు. ఉగాది నాడు దేవుని కడపకు వెళ్ళి చూడండి. లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి, హిందువులతో పాటు ముస్లిం కుటుంబాలు కూడా వరసలో నిలబడి కొబ్బరికాయ కొట్టి హారతి తీసుకుంటాయి. వాళ్ళకు స్వామి అల్లుడు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు. పక్కనున్నవాళ్ళకు అది కొత్త సంవత్సరం, పంచాంగ శ్రవణం, తిరుమలకు తొలిగడప. వీడియో తీస్తే ఇద్దరు చేసేదీ ఒకటే, ఫైలు సైజు కూడా ఒకటే. పిల్లలకు అందేది ఒకటేనా? ఈ ఇంటి పిల్లవాడికి ఇంట్లో వినిపించే కథ వేరు, ఆ ఇంటి పిల్లవాడికి వేరు. చేసే పని ఒకే రకంగా సాగుతూ, దాని భావం రెండు దారుల్లో వెళుతోంది, దానివల్ల ఎవరికీ ఇబ్బంది కూడా లేదు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఎర్రగుడి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, కర్నూలు జిల్లాలో ఉంది, అనంతపురంలో ఉండి చూడకపోతే వెంటనే ఒక ఆదివారం వెళ్ళి రండి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు, పెద్దవీ చిన్నవీ రెండూ ఒకేచోట ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని వరసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, చెక్కినవాడి తీరేమిటో గానీ చదివేవాళ్ళకు పరీక్షే. రాళ్ళు అక్కడే ఉన్నాయి, గొర్రెల కాపరులు ఆ బండల మీద కూర్చునే ఉంటారు. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడేదాకా అవి అశోకుడివని లోకానికి తెలియలేదు. ఆయనకు కూడా సులువుగా గుర్తుపట్టడం కుదిరిందంటే, 1837లో ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు అధికారి అశోకుడి నాటి బ్రాహ్మీ లిపిని తిరిగి చదవగలగడం వల్లే. అంతకుముందు ఎన్నో శతాబ్దాల పాటు దేశంలో ఒక్కరికీ ఆ లిపి చదవడం రాదు. మరి ఆ శతాబ్దాల్లో ఆ బండ మీద సమాచారం ఉన్నట్టా, లేనట్టా? షానన్‌ను అడిగితే ఉంది, ఒక్క గీత చెరగలేదు. మనుషుల వైపు నుంచి చూస్తే లేదు. నాకు రెండో జవాబే ఇష్టం, కాకపోతే "తిరిగి రాబట్టగలిగేంత మిగిలి ఉంది" అని ఒక షరతు పెడతా.

ఆ శాసనంలో ఇంకో ముచ్చట కూడా ఉంది, మీ ప్రాజెక్టుకు నేరుగా పనికొస్తుంది. దాన్ని చెక్కించి ఊరుకోలేదు. రజ్జుకులనే అధికారులు భేరి మోగించి పల్లె జనానికి చెప్పాలని, ఏనుగులు నడిపేవాళ్ళూ లేఖకులూ బ్రాహ్మణ గురువులూ తమ శిష్యులకు పాత పద్ధతి ప్రకారం నేర్పాలని అందులోనే ఉంది. అంటే ఆ రాజుకు తెలుసు, రాయి ఒక్కటే చాలదని. దాని చుట్టూ చెప్పేవాళ్ళు, వినేవాళ్ళు, గురుశిష్యులు ఉండాలి. వాళ్ళు పోయారు, రాయి మూగబోయింది.

ఇక నాలుగోది, జన్యువుల తరహా. 1958లో జీవశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ సమాచారం అన్నప్పుడు ఆయన ఉద్దేశం చాలా పరిమితమైంది: డీఎన్ఏలో, ప్రోటీన్లో ముక్కల వరసను కచ్చితంగా నిర్ణయించడం. అంతవరకే. తర్వాత అది సాగి సాగి "మనిషి మొత్తం జన్యువుల్లో రాసి ఉంది" దాకా వచ్చింది. 1976లో డాకిన్స్ అనే ఇంకో జీవశాస్త్రవేత్త మీమ్ అనే మాట తెచ్చి, పాటలూ నమ్మకాలూ కూడా జన్యువుల్లా తలల మధ్య కాపీ అవుతాయన్నాడు. ఇప్పుడు ఫోన్లలో తిరిగే బొమ్మలకు ఆ పేరు స్థిరపడింది, వాటికి ఆ సిద్ధాంతం బాగానే సరిపోతుంది కూడా, ఫార్వర్డ్ నొక్కితే నిజంగానే కాపీ అవుతాయి కదా. చిక్కల్లా దాన్ని పాటకు, పనికి, నమ్మకానికి తగిలించడంలో. జన్యువుల విషయంలోనే దీనికి ఎదురు చెప్పినవాళ్ళున్నారు. 1985లో సుసాన్ ఒయామా వాదన ఏమంటే, రూపాన్ని ముందే మోసుకొచ్చే సమాచారం జన్యువుల్లో కూర్చుని ఉండదు, కణం, తల్లి గర్భం, తిండి, చుట్టూ ఉన్న లోకం అన్నీ కలిసి ఎదుగుదలలో అది తయారవుతుంది.

ఆ వాదన మనకు నిజమని చూపించేది తాళ్ళపాక. కడప వైపువాళ్ళకు చెప్పక్కర్లేదు, అన్నమయ్య (1408–1503) ఊరు. ఆయన 32 వేల సంకీర్తనలు కట్టాడని సంప్రదాయం, తిరుమలలో సంకీర్తన భాండారంలో రెండు వేలకు పైగా రాగిరేకుల మీద దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. రాగి కాబట్టి చెద పట్టలేదు, అక్షరాలు నిలిచాయి. ఒక్కో కీర్తన పైన రాగం పేరు చెక్కారు, స్వరాలు చెక్కలేదు. చెక్కేవాళ్ళకు ఆ అవసరం అనిపించి ఉండదు, పాడేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత రేకులు బయటికొచ్చేసరికి ఆ పాడే వరస తెగిపోయింది. ఫలానా రాగం అన్నది ఆ రోజుల్లో ఎలా పాడేవాళ్ళో, ఇప్పుడు అదే పేరుతో పాడేది అదేనో కాదో చెప్పలేం. అప్పుడు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) లాంటివాళ్ళు కూర్చుని వాటికి స్వరం కట్టారు. ఆయనది మన అనంతపురం జిల్లా రాళ్ళపల్లే. ఆయన సంగీతం, సాహిత్యం రెండూ తెలిసిన మనిషి కాబట్టి ఆ పని కుదిరింది. ఇప్పుడు మనం "అన్నమయ్య పాట" అని వింటున్నదాంట్లో మాట పదిహేనో శతాబ్దానిది, పాట ఇరవయ్యో శతాబ్దానిది. ఇది మోసమని కొందరు గొణుగుతారు, నేను ఒప్పుకోను. రేకు మీద ఉన్నంతవరకు అందింది, లేనిదాన్ని తెలిసినవాళ్ళు తమ శిక్షణతో కట్టుకున్నారు. దాన్ని మళ్ళీ కట్టడం అంటారు, కాపీ అనరు. అంతే తేడా.

ఫ్రెంచి మానవశాస్త్రవేత్త డాన్ స్పెర్బర్ చెప్పేది దాదాపు ఇదే. తలకూ తలకూ మధ్య కాపీ జరగదు, విన్నవాడు తన తలలో మళ్ళీ కట్టుకుంటాడు, అయినా చాలామంది ఒకే రకంగా కడతారు, ఎందుకంటే అందరి తలలూ, పరిసరాలూ అటువైపే లాగుతాయి. బార్ట్‌లెట్ అనే మనస్తత్వవేత్త ఇంగ్లాండులో చేసి 1932లో పుస్తకంగా వేసిన పరీక్షలు చూడండి, ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి గుర్తున్నంత మళ్ళీ మళ్ళీ రాయించాడు. దోనెలు పడవలయ్యాయి, సీలు జంతువుల వేట కాస్తా చేపలు పట్టడం అయింది. కథ చెదిరిపోలేదు, తెలిసిన లోకం వైపు జరిగింది.

రాతిపనిముట్ల దాకా వెళితే ఇదే తగాదా. జ్వాలాపురంలో, పాత కర్నూలు జిల్లా ఇప్పటి నంద్యాల జిల్లా, 74 వేల ఏళ్ళ కిందటి టోబా అగ్నిపర్వతపు బూడిద పొర కింద, పైన దొరికిన పనిముట్లు ఒకే తరహాలో ఉన్నాయని, కాబట్టి ఆ మనుషులు, వాళ్ళు నేర్పుకునే పద్ధతి తెగలేదని కొందరి వాదం. అదే రాయి, అదే అవసరం ఉంటే ఎవరైనా అలాగే కొడతారని ఎదురు వాదం. ఆ తగాదా ఇంకా తేలలేదు.

ఇప్పుడు మీ నిమ్మలకుంటకు వద్దాం. ధర్మవరం పక్క ఊరు, తోలుబొమ్మల కళాకారులు ఉండే చోటు, దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక బయటివాళ్ళకూ తెలిసింది. అక్కడ అందుతున్నది ఒక్కటి కాదు, కనీసం నాలుగు పాయలు, వాటి గతి వేరు వేరు. తోలు పని ఒకటి: మేకతోలు శుభ్రం చేసి ఆరబెట్టడం, గీయడం, ఉలితో చిల్లులు కొట్టడం, రంగులద్దడం. ఇది బాగా బతికుంది, ఎందుకంటే ల్యాంపు షేడ్లకూ గోడ బొమ్మలకూ గిరాకీ ఉంది. ద్విపద పాడటం, కథ నడపడం రెండోది, రాత్రంతా ఆటలు తగ్గాక ఇది సన్నబడింది. తెర వెనక బొమ్మను చేతితో ఆడిస్తూ కాలితో చప్పుడు చేస్తూ నోటితో మాట అందుకోవడం మూడోది, ఇది చెప్పి నేర్పేది కాదు. నాలుగోది ఆట మధ్యలో వచ్చి నవ్వించే బొమ్మలు, కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. వాళ్ళ హాస్యం ఏ రాతలోనూ ఉండదు. ఆ ఊరికి ఆ రోజు ఏది నవ్వు తెప్పిస్తుందో అదే మాట. వాళ్ళ మాట నిన్నటిలా ఉంటే ఎవరూ నవ్వరు. ఇక్కడ కాపీ చేయడమంటే ఆట చెడగొట్టడమే. ఒక ల్యాంపు షేడు మీద హనుమంతుడి బొమ్మ చూసి "కళ బతికింది" అనడం, బతకలేదనడం రెండూ తొందరపాటే, ఏ పాయ అని అడగాలి.

అందుకే నిర్వచనంలో ఒక చిన్న మార్పు చేసి రాయండి. సంస్కృతి అంటే ఇతరుల దగ్గర్నుంచి నేర్చుకున్నదాని ఆధారంగా, అందుబాటులో ఉన్న వస్తువులు, మనుషులు, సందర్భాలతో మళ్ళీ కట్టుకునేది అని. ఏ సమాచారం గురించి మాట్లాడుతున్నారో ప్రతి అధ్యాయంలో చెప్పండి. ఒక అధ్యాయంలో బిట్లు, ఇంకోదాంట్లో అర్థం అంటూ చెప్పకుండా మారిపోతే పరీక్షకుడు పట్టుకుంటాడు, పట్టుకోవాలి కూడా.

రికార్డింగుల సంగతి. చేయండి, తప్పకుండా చేయండి, ఆలస్యం చేయొద్దు. కానీ ఆట ఒక్కటే తీయొద్దు, అది రాగిరేకు అవుతుంది. పిల్లవాడు నేర్చుకుంటుంటే తీయండి, పెద్దాయన ఎక్కడ ఆపాడు, ఏ తప్పుకు కోప్పడ్డాడు, ఏ తప్పును చూసీ చూడనట్టు వదిలేశాడు అన్నది ముఖ్యం. వదిలేసిన తప్పులే ఆ కళలో ఏది వదులుగా ఉండొచ్చో చెబుతాయి, కోప్పడ్డవి ఏది బిగువో చెబుతాయి. అదే పద్యాన్ని ఇద్దరు ముగ్గురితో విడివిడిగా పాడించి పక్కపక్కన రాసుకోండి, యతి ఉన్నచోట మాటలు ఎక్కువ నిలిచాయా, లేనిచోట ఎక్కువ మారాయా అని లెక్క తీస్తే మీ సొంత ఫలితం అవుతుంది. అనుమతి ముందే తీసుకోండి, పారితోషికం ముందే మాట్లాడుకోండి, వాళ్ళకు అది పని.

ఇంకొకటి, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆ కుటుంబాల ఇంటిభాష మరాఠీ యాస, ఆట మాత్రం తెలుగు. తెర వెనక గబగబా చెప్పుకునే సైగ మాటలు, "ఆ బొమ్మ ఇటు", "తాళం పెంచు" లాంటివి ఏ భాషలో ఉన్నాయో, పిల్లవాణ్ణి దిద్దేటప్పుడు ఏ భాషలోకి జారతారో రాసి పెట్టుకోండి. మైకు తెర ముందు పెడితే ఇవి పడవు, ఇంకో ఫోన్ తెర వెనక మద్దెల దగ్గర పెట్టండి.